గోడ వద్దన్న ఊరు: మిసిసిపీ నది ఒడ్డున డావెన్‌పోర్ట్

2019 ఏప్రిల్ 30న అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో మిసిసిపీ నది వరదను ఆపుతున్న తాత్కాలిక కట్ట తెగింది. ఇనుప తీగల పెట్టెల్లో మందపాటి గుడ్డ పరిచి, ఇసుక నింపి, వరుసగా పేర్చిన కట్ట అది. వారాల తరబడి నీటి ఒత్తిడికి ఓర్చుకుని, చివరికి ఒకచోట లొంగిపోయింది. నిమిషాల్లోనే పెర్షింగ్ అవెన్యూ చుట్టుపక్కల వీధులు నిండిపోయాయి. నిలిపి ఉంచిన కార్లు మునిగాయి. మేడల్లో చిక్కుకున్నవారిని పడవల్లో బయటికి తెచ్చారు. వరద మట్టం 15 అడుగులుగా లెక్కించే చోట మే 2న నది 22.70 అడుగులకు చేరి, 1993 నాటి 22.63 అడుగుల రికార్డును దాటింది.

ఎదుటి ఒడ్డున ఉన్న రాక్ ఐలాండ్‌కు వరద గోడ ఉంది. పక్కనే ఉన్న బెటెన్‌డార్ఫ్‌కు కట్ట ఉంది. లక్ష జనాభా ఉన్న డావెన్‌పోర్ట్‌కు మాత్రం శాశ్వతమైన గోడ లేదు. ప్రతి పెద్ద వరదకూ ‘ఎందుకు లేదు?’ అన్న ప్రశ్న మళ్లీ లేస్తుంది. జవాబు ఆ ఊరి నేలలోనూ, చరిత్రలోనూ ఉంది.

మిసిసిపీ ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుందని బడిలో చదువుకున్నాం. ఇక్కడ మాత్రం అది తూర్పు నుంచి పడమరకు మళ్లుతుంది. అందువల్ల మామూలుగా నదికి పడమట ఉండే అయోవా ఇక్కడ ఉత్తరపు ఒడ్డవుతుంది. నీటి అంచున సన్నటి పల్లం, దాని వెనకే గుట్టలు. ఊరిలో ఎక్కువ భాగం ఆ గుట్టల మీద ఉంది. మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో మంచు కరిగి, దానికి వసంతకాలపు వానలు తోడైనప్పుడు మునిగేది పాత వ్యాపార కేంద్రంలోని కొన్ని వీధులు, పడమటి వైపు పల్లపు ప్రాంతాలు. వరద ఊరందరిదీ కాదు, కొందరిదే. గోడ వివాదానికి మూలం ఇదే.

ఈ ఒడ్డుకు గాయపు చరిత్ర కూడా ఉంది. ఇప్పటి రాక్ ఐలాండ్ ప్రాంతంలో ఇక్కడి ఆదివాసులైన సాక్ ప్రజల పెద్ద పట్టణం సాకెనక్ ఉండేది. 1832లో, సాక్ నాయకుడు బ్లాక్ హాక్ పేరుతో పిలిచే యుద్ధంలో ఓడిన సాక్, మెస్క్వాకీ తెగల చేత అమెరికా ప్రభుత్వం ఇప్పటి డావెన్‌పోర్ట్ ఉన్నచోటే ఒప్పందం మీద సంతకాలు చేయించుకుంది. నదికి పడమట ఉన్న లక్షల ఎకరాలు వాళ్ల చేయి దాటిపోయాయి. ఆ చర్చల్లో దుబాసీగా ఉన్న ఆంట్వాన్ లెక్లేర్, మరికొందరితో కలిసి 1836లో ఊరికి స్థలాలు కొలిపించి, మిత్రుడు జార్జ్ డావెన్‌పోర్ట్ పేరు పెట్టాడు.

ఇరవై ఏళ్లకు, 1856 ఏప్రిల్‌లో, మిసిసిపీ మీద తొలి రైలు వంతెన ఇక్కడే పూర్తయింది. పట్టుమని మూడు వారాలైనా గడవకముందే, మే 6న, ఎఫీ ఆఫ్టన్ అనే స్టీమరు వంతెన స్తంభానికి కొట్టుకుని తగలబడింది. ఆ మంటకు వంతెనలో కొంత భాగమూ కాలిపోయింది. పడవ యజమానులు దావా వేశారు. 1857లో వంతెన కంపెనీ తరఫున వాదించిన న్యాయవాదుల్లో అబ్రహాం లింకన్ ఒకరు. జ్యూరీ ఏ తీర్పూ ఇవ్వలేకపోయింది, కానీ నదిని దాటే హక్కు రైలుకు దక్కింది. ఊరి బతుకు పడవల నుంచి పట్టాల వైపు, తర్వాత కర్మాగారాల వైపు మళ్లింది.

1934లో ఇక్కడ నది మీద పూర్తయిన 15వ నంబరు డ్యామ్ గురించి ఒక మాట చెప్పాలి. డ్యామ్ అనగానే వరదను పట్టి ఉంచే జలాశయం మన మనసులో మెదులుతుంది. ఇది అలాంటిది కాదు. సరుకు పడవలకు కనీసం తొమ్మిది అడుగుల లోతు ఉండేలా నీటిని నిలపడమే దీని పని. వరద ముంచుకొచ్చినప్పుడు గేట్లు పైకెత్తి నదిని దాని దారిన వదిలేస్తారు.

1965లో నది 22.48 అడుగులకు లేచాక సైన్యపు ఇంజనీర్ల విభాగం గోడల ప్రణాళికలు ముందుకు తెచ్చింది. రాక్ ఐలాండ్ 1970ల్లో, బెటెన్‌డార్ఫ్ 1980ల్లో కట్టుకున్నాయి. డావెన్‌పోర్ట్ నగర పాలకులు వద్దన్నారు. వ్యవసాయ యంత్రాల కర్మాగారాలు మూతపడుతున్న ఆ దశాబ్దంలో నగరం వాటా ఖర్చు పెద్ద బరువే. దానికి మించి, ఒడ్డునే పార్కులు పెంచుకున్న జనానికి నదిని కాంక్రీటు వెనక దాచడం నచ్చలేదు.

2001 వరదలో, అప్పటి సమాఖ్య విపత్తు సంస్థ అధిపతి జో ఆల్బా, ఈ ఊరిని పన్ను చెల్లింపుదారులు ఇంకెన్నిసార్లు ఆదుకోవాలని బహిరంగంగానే నిలదీశాడు. నా దృష్టిలో ఆ విమర్శ సగమే న్యాయం. గోడలకు పోసేదీ చాలావరకు అదే ప్రజాధనం. పైగా గోడ కడితే నీళ్లు మాయం కావు, నది ఇరుకై మట్టం పెరిగి ఇంకొకరి ఒడ్డు మీద పడతాయి. 1993లో మిసిసిపీ, మిస్సోరీ పరీవాహకంలో వెయ్యికి పైగా కట్టలు తెగడమో, పొర్లడమో జరిగింది.

ఊరు నదితో సర్దుకున్న తీరు చూడాలంటే ఒడ్డునే ఉన్న బేస్‌బాల్ మైదానానికి వెళ్లాలి. 1931లో కట్టిన ఆ మైదానానికి 2004 నాటి మరమ్మతుల్లో వరద వేళ అమర్చి, తర్వాత తీసేసే గోడలు సమకూర్చారు. చుట్టూ నీళ్లు నిలిచినా లోపల పచ్చిక పొడిగా ఉంటుంది, ప్రేక్షకులు ఎత్తైన నడకదారి మీదుగా ఆటకు వస్తారు. ఊరి నైరుతిన నహాంట్ మార్ష్ అనే చిత్తడి నేల ఉంది. తుపాకీ గురి క్లబ్బు అక్కడ వదిలిన సీసపు గుండ్లను 1990ల చివర్లో తొలగించారు. ఇప్పుడది పక్షులకూ, పొంగిన నీటికీ చోటిస్తోంది.

కానీ ఈ సర్దుబాటు ఖర్చు అందరూ సమానంగా మోయడం లేదన్నదే నా బాధ. 2019లో నది మూడు నెలలకు పైగా వరద మట్టం మీదే ఉంది. గుట్ట మీది ఇళ్లవారు నది అందం అనుభవిస్తుంటే, కింది వీధుల్లోని చిన్న వ్యాపారులు తడిసిన సరుకు లెక్క పెట్టుకున్నారు.

ఆ దెబ్బ తర్వాత నగరం చేపట్టిన ప్రణాళికలోనూ ఒడ్డంతటికీ గోడ లేదు. లోతట్టు చోట్ల రోడ్డు ఎత్తు పెంచడం, వాననీటి కాలువల్లోంచి నది వెనక్కి తన్నకుండా చూడడం వంటి పనులున్నాయి. 2023 వసంతంలో నది 21 అడుగులు దాటినప్పుడు తాత్కాలిక కట్టలు నిలిచాయి. అవి కూలితే ఆ వ్యాపారులకు పరిహారం ఎవరివ్వాలన్నది మాత్రం ఆ పనుల్లో ఏ ఒక్కటీ తేల్చేది కాదు.