పిల్లలకు ఉత్తరం: కొత్త ఫ్లెక్సీకి ఆ వాసన ఎందుకు?

చిట్టితల్లికి, బుజ్జిగాడికి,

మీరు ఫోన్లో పంపిన మాట విన్నాను. "తాతయ్యా, షాపులో కొత్త ఫ్లెక్సీ దగ్గరికి పోతే ఘాటు వాసన వస్తది. మా బడి గోడకు అంటించిన బొమ్మకు ఏ వాసనా లేదు. రెండూ మిషన్లో కొట్టినవే కదా, ఎందుకట్లా?" అని చిట్టితల్లి అడిగింది. వెనక నుంచి బుజ్జిగాడు, "నాయన సాల్వెంటు అంటాడు, బాబాయి లేటెక్సు అంటాడు. రోజూ ఇదే గోల. ఏది కొనాల తాతయ్యా?" అని అరిచాడు. ఫోన్లో చెబితే సగం విని ఆటకు పరిగెత్తుతారు. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదవండి.

సాల్వెంటు, లేటెక్సు అంటే ఫ్లెక్సీలు, స్టిక్కర్లు కొట్టే మిషన్లలో పోసే రెండు రకాల ఇంకులు. షాపుకు కొనబోయే మిషను ఏ ఇంకుదై ఉండాలన్నదే మీ ఇంట్లో గోల. రంగు ఆ షీటు మీద ఎట్లా నిలబడిందో తెలిస్తే మీ ఇద్దరికీ జవాబు దొరుకుతుంది.

ఇక్కడ ఉలవపాడులో ఇప్పుడు ఎటు చూసినా మామిడికాయలే. మీ నాయనమ్మ ఒక పక్క ఆవకాయ కలుపుతోంది, ఇంకో పక్క మాగిన పండ్ల రసం తీసి చాప మీద తాండ్ర పోస్తోంది. నన్నడిగితే సాల్వెంటు అంటే ఆవకాయ, లేటెక్సు అంటే తాండ్ర.

ఫ్లెక్సీ గుడ్డ కాదు. లోపల పాలిస్టర్ దారాల వల, దానికి రెండు పక్కలా పీవీసీ ప్లాస్టిక్ పొర. సాల్వెంటు ఇంకులో రంగుపొడి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే రెజిన్ ఉంటుంది, ఈ రెండింటినీ మోసుకొచ్చే ఘాటైన ద్రవం ఉంటుంది. ఆ ద్రవమే సాల్వెంటు. అది తగలగానే పీవీసీ పైపొర కాస్త మెత్తబడుతుంది, రంగు దాన్ని కరుచుకుంటుంది. తరవాత ద్రవం ఆవిరైపోతుంది, రంగూ రెజినూ అక్కడే ఉండిపోతాయి. ఆవకాయలో ఉప్పూ కారం ముక్కలోకి దిగినట్టే. ఊరిన ముక్కను ఎంత కడిగినా కారం పోతుందా? మీ ముక్కుకు తగిలే ఘాటు ఆ ఎగిరిపోయే ద్రవానిదే.

లేటెక్సు ఇంకులో సగానికి పైగా నీళ్ళే. ఆ నీళ్ళలో రంగుపొడితో పాటు కంటికి ఆనని పాలిమర్ రేణువులు, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థపు నలుసులు, తేలుతుంటాయి. మిషనులో ఉన్న హీటరు నీళ్ళను ఎగరగొడుతుంది. ఆ వేడికి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని పలచని పొరగా మారతాయి, రంగు ఆ పొరలో చిక్కుకుంటుంది. మీ నాయనమ్మ పోసిన రసంలో నీళ్ళన్నీ ఎండ తాగేస్తే చాప మీద తాండ్ర మిగలడం లేదూ! పేరులో లేటెక్సు ఉంది కదా అని రబ్బరు చెట్టును తలుచుకోకండి, అందులో రబ్బరు పాలు లేవు. హెచ్‌పీ కంపెనీ 2008లో ఈ రకం మిషన్లను మొదట బయటకు తెచ్చింది. ఇప్పుడు వేరే కంపెనీలూ చేస్తున్నాయి.

ఇంకొంచెం దూరం పోదాం. ఆవకాయ కలిపిన రోజే తినరు. మూడో రోజు తిరగకలిపి, ఊరిందా లేదా చూసి అప్పుడు వడ్డిస్తారు. సాల్వెంటుతో కొట్టిన స్టిక్కరుకు కూడా ఆ ఓపిక కావాలి. కనీసం ఒక రోజు వదులుగా చుట్టి, గాలి తగిలే చోట నిలబెట్టాలి. లోపలి ద్రవం పూర్తిగా పోకముందే పైన లామినేషన్ వేస్తే ఆవిరికి దారి ఉండదు. బుడగలు లేస్తాయి, అంచులు ముడుచుకుంటాయి, వెనకున్న జిగురు కూడా పాడవుతుంది. లేటెక్సు అయితే మిషను నుంచి ఎండిపోయే వస్తుంది, వెంటనే లామినేషన్ వేసి కారుకు అంటించేయొచ్చు. సాయంత్రానికి బండి కావాలనే గిరాకీ ఎక్కువగా ఉండే షాపుకు ఇది పెద్ద సంగతి.

మరి తాండ్రకు ఎండ కావాలి కదా? లేటెక్సుకు కరెంటు అట్లా. హీటర్లు చాలా తాగుతాయి. ఇంట్లో ఫ్యాన్లకు పెట్టుకున్న ఇన్వర్టరు దాన్ని మోయలేదు. పొద్దున స్విచ్చి వేయగానే పనిలోకి దిగదు, ముందు వేడెక్కాలి. ఎండ చాలని తాండ్ర వేలికి అంటుకున్నట్టు, వేడి చాలని ప్రింటు కూడా రుద్దితే ఊడివస్తుంది. వేడి మితిమీరితే పలచటి షీటు ముడతలు పడుతుంది. ఆవకాయ జాడీ సంగతీ చెప్పాలి. వాడినప్పుడల్లా అంచు తుడిచి వాసెన కట్టకపోతే మీ నాయనమ్మ ఊరుకుంటుందా? సాల్వెంటు మిషనుకూ రాత్రి ఇంటికి పోయేముందు ఇంకు చుక్కలు చిమ్మే హెడ్డు తుడిచి, మూత మీదికి సరిగ్గా చేర్చి పోవాలి. లేకపోతే సన్నటి రంధ్రాల్లో ఇంకు గడ్డకడుతుంది. ఆ హెడ్లు ఏళ్ళ తరబడి పనిచేస్తాయి కానీ పోతే మాత్రం జేబు ఖాళీ. లేటెక్సు హెడ్లు ఎక్కువగా అరిగేకొద్దీ మార్చుకునే రకం, మీ నాయనే తీసి కొత్తది పెట్టుకోగలడు.

"ఆవకాయలో నూనె ఎగిరిపోదు కదా తాతయ్యా" అంటారేమో. అనండి. మా ఇంట్లో కాయ, నా ఇష్టం వచ్చినంత సాగదీస్తా.

మీ వయసులో నేను బడి వదలగానే ఒంగోల్లో మా మామయ్య దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. ఆయన బోర్డులు రాసేవాడు. రేకు మీద తెల్లరంగు పూసి ఆరబెట్టి, సుద్దపొడి అద్దిన దారాన్ని ఈ చివర నేను, ఆ చివర ఆయన పట్టుకునేవాళ్ళం. మధ్యలో ఆయన దారాన్ని లాగి టప్పున వదిలితే గీత పడేది. ఆ గీతల మధ్య ఎనామెల్ రంగుతో అక్షరాలు దిద్దేవాడు. "కొమ్ము తప్పుగా రాస్తే కొట్టువాడి పరువు పోద్ది, నాది కూడా" అనేవాడు. ఎన్నికలొస్తే గోడల మీద రాతకు వేరే రంగు, నీళ్ళలో కలిపే పొడి. ఒక్క వాన పడితే సగం కారిపోయేది. "పోనీలేరా, రేపు అవతలి పార్టీవాళ్ళకు గోడ ఖాళీగా ఉండాల కదా" అని నవ్వేవాడు. ఎనామెల్ మాత్రం ఎండకూ వానకూ కదిలేది కాదు. అందులో టర్పెంటైన్ కలిపేవాడు, అన్నం తినేటప్పుడు కూడా చేతులు ఆ వాసనే. మా అత్తయ్య విసుక్కుంటూనే వడ్డించేది. కానీ ఆయన పనంతా వేపచెట్టు కింద. ఆ ఘాటు ఎప్పటికప్పుడు గాలికి కొట్టుకుపోయేది.

మీ నాయన షాపులో వేపచెట్టు లేదు. తలుపులు మూసిన ఏసీ గది ఉంది, పైన మీరుంటున్నారు. అందుకే కొంచెం గట్టిగా చెబుతున్నా. సాల్వెంటు ఆవిర్లు గాలికన్నా బరువైనవి, గాలాడని గదిలో కిందికి దిగుతాయి. గోడకు పైనెక్కడో ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి పనైపోయిందనుకుంటే చాలదు, మిషను దగ్గర కింది నుంచి కూడా బయటకు లాగాలి. ఎకో సాల్వెంటు అని ఒకటుంది. వాసన తక్కువే కానీ అదీ సాల్వెంటే. వాసన తగ్గింది కదా అని కిటికీ మూసేయకూడదు. లేటెక్సు గదికీ గాలి కావాలి, అయితే ఇంత భయం లేదు. గిరాకీ వస్తాడు, బోర్డు తీసుకుని పోతాడు. మిషను పక్కన పగలంతా నిలబడే అబ్బాయి ఎక్కడికి పోతాడు? కొనే ముందు లెక్కలో అతని ఊపిరిని కూడా వేసుకోవాలి.

మరి ఏది కొనాలంటావు బుజ్జిగా? చౌకా, వేగం, పదడుగుల వెడల్పు కావాలంటే సాల్వెంటును మించింది లేదు. నెల్లూరులో రొట్టెల పండుగ వచ్చిందంటే ఫ్లెక్సీలన్నీ తెల్లారేసరికి కట్టేయాలి. ఆ పని లేటెక్సుతో చేస్తే అడుగుకు పడే ఖర్చు గిట్టదు. కానీ కావలి ట్రంకు రోడ్డులో మీ నాయనకు వచ్చే పనంతా పుట్టినరోజు ఫ్లెక్సీలేనా? బడి గోడలు, ఆసుపత్రి గదులు, కార్ల స్టిక్కర్లు, గుడ్డ బ్యానర్లు కూడా వస్తున్నాయి. 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామన్నప్పుడు ఒక్క ఫ్లెక్సీనే నమ్ముకున్న షాపులవాళ్ళకు ఎంత టెన్షనో మీ బాబాయిని అడగండి. లేటెక్సు కాగితం మీద, గుడ్డ మీద కూడా పడుతుంది. నా మాటగా మీ నాయనకు చెప్పండి: ఇల్లూ షాపూ ఒకే కప్పు కింద ఉన్నన్నాళ్ళూ ఐదడుగుల లేటెక్సు చాలు, పెద్ద ఫ్లెక్సీలు నెల్లూరులో జాబ్ వర్కుకు ఇచ్చి, వేరేవాళ్ళ మిషను మీద కొట్టించుకోమనండి. వెనక విడిగా షెడ్డు వేసిన రోజున సాల్వెంటు కూడా తెచ్చుకోవచ్చు. పక్కవాడు కొన్నాడని కొనడం మాత్రం వద్దు.

చుక్కల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఫ్లెక్సీ మిషన్లలో వాడే ఒక రకం హెడ్డుకు 512 రంధ్రాలు. ఒక్కో చుక్క 30 పికోలీటర్లు. మిల్లీలీటరులో వంద కోట్లవ వంతు ఒక పికోలీటరు. చిట్టితల్లీ, లెక్క వేస్తే ఒక్క మిల్లీలీటరు ఇంకులో మూడు కోట్లకు పైగా చుక్కలు! ప్రతి చుక్కా తన చోటు వెతుక్కుని పడితేనే నాయకుడి మీసం మీసంలా కనిపిస్తుంది. ఆ రంధ్రంలో ఒక స్ఫటికం కరెంటు తగిలి వంగి చుక్కను నెడుతుందట. లేటెక్సు హెడ్లలో ఎక్కువగా చిన్న హీటరు ఇంకును ఒక్క క్షణం మరిగించి బుడగ పుట్టిస్తే, ఆ బుడగ చుక్కను తోస్తుందట. మామయ్య కుంచెలు పట్టిన నా చేతికి ఇది ఇప్పటికీ నమ్మశక్యంగా లేదు. అదెట్లా జరుగుతుందో పూర్తిగా చెప్పమనకండి, భూతద్దం పట్టుకుని చూడండి. ఎర్ర చొక్కా దగ్గరికి పోతే ఎరుపు ఉండదు. గులాబీ చుక్కలు, పసుపు చుక్కలు కనిపిస్తాయి.

ఆదివారం ఈ పని చేయండి. ఆ రోజే కొట్టిన సాల్వెంటు ముక్క ఒకటి నాయనతో తెప్పించండి. బాబాయితో లేటెక్సు ముక్క ఒకటి తెప్పించండి. రెండింటినీ రెండు పాత స్టీలు డబ్బాల్లో పెట్టి మూత బిగించండి, అడుగున గుర్తు రాయండి. సోమవారం బడి నుంచి రాగానే నాయన కళ్ళు మూసి, మూతలు తీసి ఏది ఏదో చెప్పమనండి. దూరం నుంచే వాసన చూడాలి, ముక్కు లోపల పెట్టి పీల్చకూడదు. ఆ డబ్బాల్లో మళ్ళీ తినేవి పెట్టకండి, మీ అమ్మ నన్ను తిడుతుంది.

మీ తాతయ్య
ఉలవపాడు