కుండల మీద పిల్లలు

చిరంజీవులు చిన్నికి, బబ్లూకి తాతయ్య ఆశీస్సులు.

మీ ప్రశ్న అమ్మ ఫోన్‌లో చెప్పింది. సోషల్ పుస్తకంలో గ్రీసు పాఠం నిండా యుద్ధాలేనట, మరి అప్పటి పిల్లలు ఏం చేసేవాళ్లని అడిగారట. ఆ సంగతి కుండలు చెబుతాయి.

ఏథెన్స్‌లో కుమ్మరుల పేట పేరు కెరామెయికోస్. సుమారు 2,500 ఏళ్ల కిందట అక్కడ నూనె జాడీలకు, నీళ్ల కుండలకు, ద్రాక్షసారా కప్పులకు బొమ్మలు వేసేవాళ్లు. ఎక్కువగా దేవుళ్లు, వీరులే. మధ్యమధ్య మాత్రం మామూలు మనుషులు కనిపిస్తారు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని ఒక జాడీ మీద ఆలివ్ కాయలు దులుపుతున్నారు. పెద్దవాళ్లు కర్రలతో కొమ్మల్ని కొడుతున్నారు, ఒక కుర్రాడు చెట్టెక్కి కూర్చున్నాడు, ఇంకొకడు కింద కాయలు ఏరుతున్నాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జానెడైనా లేని నూనె బుడ్డి ఒకటుంది. దాని చుట్టూ ఆడవాళ్లు ఉన్ని తూచుతున్నారు, దారం తీస్తున్నారు, నిలువు మగ్గం మీద నేస్తున్నారు.

ఇవి వేయడం ఎలాగంటే, మన తడిపిండి ముగ్గు అనుకోండి. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బినట్టే, వాళ్లు కుండ మట్టినే నీళ్లలో బాగా కలిపి వదిలేసేవాళ్లు. గరుకంతా అడుక్కి దిగితే పైన తేరిన సన్నటి మట్టితో బొమ్మ వేసేవాళ్లు. వేసేటప్పుడు కుండ రంగుకీ దానికీ పెద్ద తేడా ఉండదు. ముగ్గూ అంతే కదా, తడిగా ఉన్నప్పుడు సరిగా కనబడదు.

మా నాయనమ్మ సంక్రాంతికి గుడ్డపేలిక పిండిలో ముంచి, వేళ్ల సందుల్లోంచి జార్చుతూ వాకిలంతా గీసేది. ఏమీ లేదనుకుని నేను పరిగెత్తుకుంటూ దాటేవాణ్ణి. ఎండెక్కాక తెల్లటి ముగ్గులో నా కాలి గుర్తులు బయటపడేవి. ఆవిడ తిట్టేది కాదు, పీట వేసుకుని మళ్లీ దిద్దేది. పని చేసేవాళ్ల ఓపిక పిల్లలు చూసి నేర్చుకోవాలి. నీకే చెబుతున్నా, బబ్లూ.

మొదట్లో మనుషుల బొమ్మల్నే, కాలిస్తే నల్లబడే ఆ సన్నటి మట్టితో నింపేవాళ్లు. క్రీ.పూ. 525 ప్రాంతంలో దాన్ని తిరగేశారు. ముగ్గు గీతలున్నచోట నేలను అలాగే వదిలేసి, మిగతా వాకిలంతా పిండి పూసినట్టు! అప్పుడు మనుషులు ఎర్రగా, వెనకంతా నల్లగా వచ్చింది. కళ్లు, వేళ్లు, బట్టల మడతలు సన్నటి కుంచెతో గీయడం కుదిరింది.

ముగ్గును ఎవరూ కాల్చరు కదా అంటావు చిన్నీ. ఎండ బదులు నిప్పనుకో. ఆ మట్టిలో ఇనుముంది. ఆవంలో గాలి ఆడుతుంటే కుండ ఎర్రబడుతుంది, గాలి మూసి పొగ పట్టిస్తే అంతా నల్లబడుతుంది. మళ్లీ గాలి వదిలితే కుండ ఎర్రబడుతుంది గానీ, సన్నటి మట్టి పూసినచోట అప్పటికే గాజులా బిగుసుకుపోయి నలుపు నలుపుగానే ఉండిపోతుంది. థర్మామీటరు లేకుండా ఏ క్షణాన గాలి మూయాలో, ఏ క్షణాన వదలాలో ఆ కుమ్మరికి ఎలా తెలిసిందో! నాకు దండం పెట్టాలనిపిస్తుంది, అంతకన్నా చెప్పలేను.

వీటిలో చాలా వాటిని ఇటలీలో ఉండే ఎట్రుస్కన్లు కొనుక్కుని సమాధుల్లో పెట్టుకున్నారు. అందుకే పగలకుండా మిగిలాయి.

మీ వయసువాళ్లకు ముందు రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియం జాడీ చూపించాలి. పెద్దాయన, యువకుడు, పిల్లాడు తలలెత్తి చూస్తున్నారు. నోటి దగ్గర మాటలు రాసి ఉన్నాయి. "అదిగో స్వాలో పిట్ట!" అంటారొకరు, "అవును, హెరాక్లీస్ మీద ఒట్టు!" అంటారింకొకరు. హెరాక్లీస్ అంటే వాళ్ల పురాణాల్లో వీరుడు. ఆ పిట్ట కనబడితే వసంతం వచ్చేసినట్టేనని ఆ సంబరం. ఏథెన్స్ అగోరా మ్యూజియంలో పసిపిల్లల్ని దొడ్డికి కూర్చోబెట్టే మట్టి పాటీ కూడా ఉంది. నవ్వకండి, మీరూ కూర్చున్నవాళ్లే.

ఇక బడి. బెర్లిన్‌లో డూరిస్ అనే చిత్రకారుడి కప్పు ఉంది, క్రీ.పూ. 485 ప్రాంతానిది. దాని మీద ఒక పిల్లాడు మాస్టారి ఎదురుగా కూర్చుని లైర్ అనే తీగల వాయిద్యం వాయించడం నేర్చుకుంటున్నాడు. ఇంకొకడు చేతులు బట్టలో చుట్టుకుని నిలబడ్డాడు, ఎదురుగా మాస్టారు చుట్టగా చుట్టిన పుస్తకం విప్పి పట్టుకున్నారు. పద్యం అప్పజెబుతున్నాడేమో, ఎంత టెన్షనో పాపం. వెనకాల గడ్డాయన ఒకరు కర్ర పట్టుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయన పాఠం చెప్పడం లేదు. అమ్మనడిగి ఆ బొమ్మ పెద్దదిగా చేసి చూడండి. ఆయన ఎవరై ఉంటారో, అక్కడ ఎందుకున్నారో ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య