కచేరీ వినే హెడ్‌ఫోన్‌కి ఆంప్, డీఏసీ: అపోహలు - వాస్తవాలు

హెడ్‌ఫోన్‌కి వెళ్లే సిగ్నల్‌కి బలమిచ్చే ఆంప్లిఫయర్లు (ఆంప్‌లు) తయారుచేయడం, పాడైనవి బాగుచేయడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కర్ణాటక సంగీతం వినేవాళ్లే. వాళ్ల డబ్బు అక్కర్లేని చోట ఖర్చవుతుంటే నాకు బాధేస్తుంది.

అపోహ: 300 ఓముల హెడ్‌ఫోన్‌కి పెద్ద ఆంప్ ఉండాల్సిందే.

వాస్తవం: ఓములొక్కటే (కరెంటుకి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు) చూస్తే లెక్క తప్పుతుంది, సెన్సిటివిటీ (ఇచ్చిన సిగ్నల్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) కూడా చూడాలి. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 ఓములు 300. కంపెనీ లెక్క ప్రకారం ఒక్క వోల్టుకే 103 డెసిబెల్స్ పలుకుతుంది. దానికయ్యే పవర్ 3 మిల్లీవాట్ల పైచిలుకు, అంతే. హైఫైమాన్ హెచ్ఈ-6 ఓములు 50 మాత్రమే, కానీ అంత మోతకి దాదాపు 90 మిల్లీవాట్లు అడుగుతుంది. ఆలాపన మెల్లగా సాగి, తని (లయవాద్యాల సోలో) దగ్గర మృదంగం ఒక్కసారిగా లేస్తుంది కాబట్టి కాస్త వోల్టేజి మిగులు ఉండాలి. హెచ్‌డీ 650కి 2 వోల్టులు ధారాళంగా సరిపోతాయి.

అపోహ: ఆంప్ మంచిదైతే దేనికైనా పెట్టుకోవచ్చు.

ఒక వయొలిన్ మాస్టారు కొత్త ట్యూబ్ ఆంప్, నాలుగు డ్రైవర్ల (లోపలి బుల్లి స్పీకర్ల) ఇయర్‌ఫోన్ పట్టుకొచ్చారు. "ఏమండీ, నా వయొలిన్ నాకే పీలగా వినిపిస్తోంది" అన్నారు. రెండిటినీ కొలిచాను. ఆంప్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆంప్ తన లోపల పెట్టే అడ్డు) 10 ఓములు. ఇయర్‌ఫోన్ మాత్రం కింది స్వరాల దగ్గర 40 ఓములు, పైన ఒకచోట 8. ఈ జోడీలో ఆ పై భాగం ఏకంగా 5 డెసిబెల్స్ పడిపోతుంది. 1 ఓము ఉన్న మామూలు ఆంప్‌కి తగిలిస్తే తేడా ఒక డెసిబెల్ లోపే. మాస్టారు కళ్లు మూసుకుని తన రికార్డింగే మళ్లీ విన్నారు. "తారషడ్జం మీద కమాను తిప్పిన ఒరిపిడి కూడా తెలుస్తోందండీ" అన్నారు.

హెడ్‌ఫోన్ ఓముల్లో ఎనిమిదో వంతుకి మించని ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న ఆంప్ తీసుకోండి. హెచ్‌డీ 650ని 120 ఓముల పాత ఆంప్‌కి పెడితే 100 హెర్ట్జ్ చుట్టుపక్కల సుమారు ఒక డెసిబెల్ ఉబ్బుతుంది, మృదంగం గుమికి (ఎడమ చేతి మంద్ర నాదం) బరువెక్కుతుంది. అలా ఇష్టపడేవాళ్లున్నారు, తప్పేం లేదు. కానీ ఆ బరువు విద్వాంసుడి ఎడమ చేతిది కాదు, ఆంప్‌ది.

అపోహ: ఖరీదైన డీఏసీలోనే (డిజిటల్ ఫైలును ఆంప్‌కిచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం) తంబుర జీవం వినిపిస్తుంది.

వాస్తవం: రెండు డీఏసీల వోల్టేజి మీటరుతో సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా మార్చి వినిపిస్తే చాలామంది తేడా చెప్పలేరు. కాస్త గట్టిగా మోగినదే బాగుందనిపించడం మన చెవి స్వభావం. తంబుర ఒక్కటే మోగేటప్పుడు వెనక సుయ్యిమంటే మాత్రం మార్చాల్సిందే. నలిగి చదునైన ఇయర్ ప్యాడ్లు మారిస్తే వచ్చే తేడా ఇంతకంటే ఎక్కువ.

అపోహ: పాత రికార్డులకి హై-రెజల్యూషన్ ఫైళ్లు కావాలి.

వాస్తవం: సీడీ 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లలోనే మనిషి చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ వరకూ పట్టేస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి నాటి 78 ఆర్‌పీఎం రికార్డుల్లో అంత ఎత్తు శబ్దమే లేదు. అక్కడ చూసుకోవాల్సింది, రికార్డును సరైన వేగంతో తిప్పి ఎక్కించారా లేదా అని. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి జరిగిపోతుంది, గమకాలు కూడా ఆ మేరకు పరుగెడతాయి.