‘హసల్’ అంటే కష్టపడటమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంగ్లీషు సినిమాలకు, సీరియళ్లకు తెలుగు సబ్‌టైటిళ్లు రాయడం నా పని. పెద్ద పెద్ద మాటలతో ఇబ్బంది లేదు, నిఘంటువు చూస్తే తేలిపోతాయి. కొంప ముంచేవి హసల్ (hustle), బసల్ (bustle) లాంటి చిన్న మాటలే.

అపోహ: హసల్ అంటే కష్టపడి పనిచేయడం.

వాస్తవం: స్టార్టప్ కుర్రాళ్ల టీషర్టుల మీద అంతే. కానీ డచ్చి భాషలో దీని మూలానికి అర్థం కుదపడం, కలగలపడం. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చింది. తర్వాత గుంపులో తోసుకోవడం, తొందరపెట్టడం, మాయచేసి డబ్బు గుంజడం అన్నీ దీని ఖాతాలోనే పడ్డాయి. అమెరికాలో పూల్ (బిలియర్డ్స్ లాంటి ఆట) బల్ల దగ్గర ఒకడు కావాలనే రెండాటలు ఓడిపోతాడు. ఎదుటివాడు ధీమాగా పందెం పెంచగానే అసలు ఆట బయటికి తీస్తాడు. వాడే హసలర్. అక్కడ ‘కష్టజీవి’ అని రాస్తే కథ తలకిందులే! ‘బురిడీ కొట్టించాడు’ అనాలి.

మెచ్చుకోలుగానూ వాడతారు. అమెరికా బేస్‌బాల్ ఆటగాడు పీట్ రోజ్, నడిచి వెళ్తే సరిపోయే చోట కూడా పరుగెత్తేవాడు. అందుకే ‘చార్లీ హసల్’ అని పేరు పడింది. మొదట అది వెటకారమే, తర్వాత బిరుదైంది. 1989లో బెట్టింగ్ వ్యవహారంలో ఆయన మీద నిషేధం పడింది. పాపం, ఆ మాటకున్న రెండో అర్థం కూడా వెంటాడినట్టుంది.

అపోహ: హసల్, బసల్ కవలలు.

వాస్తవం: ‘హసల్ అండ్ బసల్’ అని జంటగా వచ్చినప్పుడే. అప్పుడు సందడి, హడావుడి అని అర్థం. ఓ పాతకాలం సీరియల్లో దొరసాని తన బసల్ పక్కకు జరిగిందని పనిమనిషితో అంటుంది. కొత్తలో నేను ‘నా సందడి పక్కకు జరిగింది’ అని రాసి పంపేశాను. 1870లు, 80లలో ఆడవాళ్లు లంగా వెనకభాగం ఎత్తుగా కనబడాలని లోపల కట్టుకున్న తీగల చట్రం పేరు కూడా బసలేనట! ఇప్పటికీ అమెరికాలో పెళ్లికూతురు డాన్స్ చేసేటప్పుడు కాళ్లకు అడ్డం పడకుండా గౌను తోకను ఎత్తి కొక్కేలకు తగిలించడాన్ని బసల్ అనే అంటారు.

అపోహ: ‘హస్టిల్’ అని పలకాలి.

వాస్తవం: వద్దు. విజిల్ (whistle) స్పెల్లింగ్‌లోనూ t ఉంది, ‘ట’ పలుకుతున్నామా? ఇదీ అంతే.

అపోహ: తెలుగులో ‘హసల్ అండ్ బసల్’కి మాట లేదు.

వాస్తవం: ఒక్కటి కాదు, బోలెడున్నాయి. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో పొద్దున్నే కనిపించేది కిటకిట. రైలు కదిలే ముందు హడావుడి. పెళ్లింట్లో సందడి. ఎక్కడ ఏది వాడాలో సీన్ చెబుతుంది.

ఈమధ్య ఓ సీరియల్లో, ఉద్యోగం చేస్తూ శనాదివారాలు కేకులు చేసి అమ్మే అమ్మాయి దాన్ని తన ‘సైడ్ హసల్’ అంటుంది. ‘వేణ్ణీళ్లకు చన్నీళ్లు’ అని రాశాను. ఎడిటర్ కుర్రాడు ఫోన్ చేసి, “సార్, ఈ సీన్‌లో నీళ్లెక్కడున్నాయి?” అన్నాడు. వాళ్లమ్మను అడగమన్నాను. పది నిమిషాల్లో ‘ఓకే’ అని మెసేజ్ వచ్చింది.