‘మామూలు’ వెనుక చరిత్ర: నల్లగొండ, పాలమూరు పల్లెల్లో లంచంపై ఫిర్యాదు

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో లంచానికి తరచుగా వినిపించే పేరు ‘మామూలు’. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం వాడుకలో ఉన్నది, ఆనవాయితీ అని. తప్పును ఆనవాయితీగా పిలిచే చోట దానిపై ఫిర్యాదు చేసినవాడు ఊరి కట్టుబాటును కాదన్నవాడిగా కనిపిస్తాడు. ఇక్కడి జనం నోరు విప్పకపోవడాన్ని పిరికితనంగా, నీతి లోపంగా తేల్చేయడం అన్యాయమని నా నమ్మకం, ఎందుకంటే ఆ మౌనానికి చాలా పాత కారణాలున్నాయి.

నిజాం పాలనలో ఊరికి సర్కారంటే శిస్తు వసూలు చేసే మాలీ పటేలు, శాంతిభద్రతలు చూసే పోలీసు పటేలు, భూమి లెక్కలు రాసే పట్వారీ. ఇవి వతను పదవులు, తండ్రి తరువాత కొడుక్కు దక్కేవి. పహాణీ అనే భూమి రికార్డులో ఎవరి పేరుండాలో, ఎవరు ఎంత శిస్తు కట్టినట్టో పట్వారీ కలమే తేల్చేది. రేపు తన కొడుకు కూడా ఆ ఇంటి గడప దగ్గరే నిలబడాలని తెలిసిన రైతు, పట్వారీ మీద తాలూకా కచేరీలో అర్జీ పెట్టి ఊళ్లో ఎట్లా బతకగలడు? పైగా కచేరీ భాష ఉర్దూ కావడంతో చదువు రాని రైతు అర్జీ కోసం మరొకరిని ఆశ్రయించక తప్పేది కాదు. దొరలకూ అధికారులకూ కానుకలు చెల్లించే ఆచారం పల్లె నుంచి నిజాం దర్బారులో సమర్పించే నజరానా దాకా సాగింది కాబట్టి, మర్యాద ఎక్కడ ముగిసి లంచం ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం ఎవరికీ సాధ్యపడలేదు.

ఆ రోజుల్లోనూ మౌనం పగిలిన సందర్భాలున్నాయి. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించడంతో తెలంగాణ ప్రజల ఇబ్బందులను తెలుగులో అచ్చువేసి చెప్పే వేదిక ఏర్పడింది. 1930లో జోగిపేటలో తొలి మహాసభ జరుపుకున్న, నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ, 1944 భువనగిరి సభ నాటికి వెట్టినీ బలవంతపు లెవీ ధాన్యం వసూళ్లనూ ఎదిరించే రైతుల సంఘంగా మారింది. నల్లగొండ జనం దాన్ని గుతపల (కర్రల) సంఘం అన్నారు. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకాకు చెందిన పాలకుర్తిలో, చాకలి ఐలమ్మ సాగుచేసుకుంటున్న భూమిపై విసునూరు దేశ్‌ముఖు, అంటే అక్కడి పెద్ద భూస్వామి, కన్నేసినప్పుడు ఆమె వెనుక నిలబడింది ఆ సంఘమే. ఒంటరిగా అర్జీ పెట్టడానికి జంకిన మనుషులే నలుగురితో కలిసినప్పుడు దొరను నిలదీశారన్న ఈ వాస్తవం, ఆ తరువాతి కథకంతా తాళంచెవి వంటిదని నాకనిపిస్తుంది.

1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది, 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పదవులు పోయినా విలువలు మిగిలాయి. లంచం అడిగినవాడిని పట్టించమంటే ‘పిల్లలు గలోడు, వాని కడుపు మీద ఎట్ల కొడ్తం’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఎదుటివాడి నోటికాడి కూడు లాగితే పాపం తగులుతుందన్న భయం అందులో ఉంది. పనిచేసి పెట్టినవాడికి ఏదో ఒకటి ఇవ్వకపోతే విశ్వాసం లేనట్టేనన్న భావన కూడా ఉంది. రెండూ మంచి గుణాలే. విరాసత్ కోసం, అంటే వారసత్వ భూమిని తన పేరు మీదికి మార్పించుకోవడానికి, నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగిన ముసలవ్వ కడుపు కూడా ఆ లెక్కలోకి రావాలి కదా అన్నదే నా బాధ.

చట్టం మాత్రం ఫిర్యాదును ఒక్క మనిషి భుజం మీదే పెట్టింది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించినప్పుడు లంచం ఇవ్వడం కూడా నేరమైంది. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా తెలియజేస్తేనే మినహాయింపు దొరుకుతుంది. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) వల పన్నే కేసుల్లో రసాయన పొడి పూసిన నోట్లను బాధితుడే అందించాలి, సోడా ద్రావణంలో అధికారి వేళ్లు గులాబీ రంగుకు తిరిగిన తరువాత కూడా ఏళ్లకు కోర్టులో అదే మాట మీద నిలబడాలి. ఈలోగా పెద్దమనుషులు రాజీ మాట ఎత్తితే, కులం, చుట్టరికం, ఊరి సంబంధాలు అన్నీ కలిసి ఆ సాక్షి మీద పడతాయి. ఫిర్యాదుదారు మాట మార్చినా, మరణించినా ఇతర సాక్ష్యాధారాలతో నేరాన్ని రుజువు చేయవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరులో చెప్పాల్సి వచ్చిందంటే, సాక్షులు వెనక్కి తగ్గడం ఎంత పాత సమస్యో అర్థమవుతుంది.

2006లో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. ఆ పథకం పనులను జనం ముందే సరిచూసే సామాజిక తనిఖీలో భాగంగా మస్టరు (కూలీల హాజరు) లెక్కలను గ్రామసభలో పైకి చదువుతారు. ‘ఈ పేరుగల మనిషి ఇన్ని దినాలు పనిచేసిండట, నిజమేనా?’ అని అందరి ముందూ అడిగితే, పోలీసు స్టేషను మెట్లు ఎప్పుడూ ఎక్కని కూలి తల్లి కూడా ‘నేను పోనే పోలె’ అని లేచి చెప్పగలదు. అక్కడ ఆమె ఎవరి మీదా చాడీ చెప్పడం లేదు, తన పేరు మీద రాసిన లెక్కకు జవాబు చెబుతోంది. గుతపల సంఘం నాటి బలం ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది. అయితే సభ ముగిశాక ఆమె తిరిగి వెళ్లేది అదే వాడకట్టుకు, మరునాడు పని అడగాల్సింది అదే మనుషులను. అక్రమాలను బయటపెట్టేవారి రక్షణకు పార్లమెంటు 2014లో చేసిన చట్టమేమో ఏళ్లు గడిచినా అమలులోకి రాలేదు.