ఛాతీలో మలుపు తిరిగి వచ్చే గొంతు నాడి

గొంతు బొంగురుపోయి, పరీక్షలో ఎడమ స్వరతంత్రి కదలడం లేదని తేలితే, డాక్టర్లు మెడ ఒక్కటే చూసి ఊరుకోరు. ఛాతీకి కూడా స్కాన్ తీయిస్తారు. స్వరపేటిక ఉన్నది మెడలో, ఆజ్ఞ వచ్చేది మెదడు నుంచి. మధ్యలో ఛాతీకి ఏం పని? మనకూ చేపలకూ చుట్టరికం ఉందంటే నమ్మనివాళ్ళకు చూపించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

మెదడు నుంచి నేరుగా వచ్చే నరాల్లో (కపాల నాడుల్లో) పదోది వేగస్. పుర్రె అడుగు నుంచి దిగుతూ స్వరపేటిక పక్కగానే పోతుంది. అయినా స్వరతంత్రులను కదిలించే ముఖ్యమైన శాఖ అక్కడ విడిపోదు. ఎడమవైపు ఆ శాఖ ఛాతీలో, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని అయిన బృహద్ధమని వంపు దాకా వెళ్ళి, దాని కింద మలుపు తిరిగి, శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య ఉన్న గాడిలో పైకెక్కుతుంది. కుడివైపు మలుపు మెడ మొదట్లోనే, చేతికి రక్తం తీసుకెళ్ళే సబ్‌క్లేవియన్ ధమని కింద. జిరాఫీలో ఈ చుట్టుదారి నాలుగు మీటర్లు దాటుతుంది.

చేపలో ఇదే దారి తిన్నగా ఉంటుంది. గొంతు పక్కల వరసగా విల్లులా వంగిన పట్టీలు, వాటినే చాపాలంటారు. ఒక్కో చాపానికి తన అస్థిపంజరం, కండరం, ధమని, నాడి. మెడ లేదు, మొప్పల వెనకే గుండె. మన పిండంలోనూ 4, 5 వారాల్లో ఆ చాపాలే మొలుస్తాయి: 1, 2, 3, 4, 6. అయిదోది నిలవదు. ఆరో చాపం నాడి ఆరో ధమని వెనకగా పోతుంది. తర్వాత మెడ సాగి, గుండె ఛాతీలోకి దిగుతుంది, ధమనులూ దానితోపాటే. మేకుకు తగులుకున్న దారంలా నాడి కిందికి సాగిపోతుంది.

మరి కుడి ఎడమలకు తేడా ఎందుకు? ఎడమ ఆరో ధమని పుట్టేదాకా ఉంటుంది, రక్తాన్ని ఊపిరితిత్తులకు పోనీయకుండా బృహద్ధమనిలోకి మళ్ళిస్తుంది. పుట్టాక మూసుకుపోయి తాడులా మిగులుతుంది. నాడి దాన్ని వదిలి రాలేదు. కుడివైపు ఆరో ధమని వెలుపలి భాగం మాయమవుతుంది, అయిదోది ఎలాగూ లేదు. అందుకే నాడి నాలుగోదాని కిందికి చేరుతుంది. ఆ నాలుగోదే కుడి సబ్‌క్లేవియన్ మొదలు.

నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువమందికో ఆ కుడి నాలుగో ధమని కూడా మాయమవుతుంది. అప్పుడు కుడిచేతికి రక్తం బృహద్ధమని వంపు చివర నుంచి, సాధారణంగా అన్నవాహిక వెనకగా వస్తుంది. నాడిని పట్టి ఉంచేదేమీ లేదు కాబట్టి అది వేగస్ నుంచి సూటిగా స్వరపేటికకు వెళ్ళిపోతుంది! థైరాయిడ్ ఆపరేషన్‌లో గాడిలో నాడి కనబడకపోతే సర్జన్ అనుమానించాల్సింది దీన్నే. అడ్డంగా వచ్చే ఆ పోగును రక్తనాళం అనుకుని కోస్తే గొంతు పోతుంది. రెండువైపులా దెబ్బతింటే స్వరతంత్రులు దగ్గరకొచ్చి ఊపిరే ఆడదు.

చుట్టుదారి వల్ల ఛాతీ జబ్బులు గొంతులో బయటపడతాయి: బృహద్ధమని ఉబ్బు, ఎడమ ఊపిరితిత్తి క్యాన్సర్. గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకై, పై గది (ఎడమ కర్ణిక) పెద్దదైనప్పుడు కూడా గొంతు పోతుందని ఆస్ట్రియా వైద్యుడు ఓర్ట్నర్ 1897లో వివరించాడు.

పిండానికి మొప్పలు వస్తాయనీ, అది కొన్నాళ్ళు చేపగా బతుకుతుందనీ ఇంకా కొన్నిచోట్ల పాఠం చెబుతున్నారు. ఇది 19వ శతాబ్దపు జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ వదిలివెళ్ళిన పొరపాటు, మానేయాలి. మన చాపాలు పోలేది చేప పిండం చాపాలను, పెద్ద చేప మొప్పలను కాదు. ఒకే ముడిసరుకు, వేరువేరు వాడకం: మొదటి చాపం నుంచి దవడతోపాటు చెవిలోని రెండు ఎముకలు, రెండోదాని నుంచి మూడోది.

పారాథైరాయిడ్ గ్రంథుల సంగతి మరీ ఆసక్తికరం. ఇవి మూడు, నాలుగు చాపాల లోపలి సంచుల నుంచి పుట్టి రక్తంలో కాల్షియంను అదుపులో పెడతాయి. చేపలకు ఇవి లేవు, అవి మొప్పలతో నీళ్ళలోంచి కాల్షియం తీసుకుంటాయి. ఈ గ్రంథులు ఏర్పడాలంటే జీసీఎం2 అనే జన్యువు కావాలి. అదే జన్యువు చేప మొప్పల మొగ్గల్లోనూ పనిచేస్తుందనీ, దాన్ని అణిచేస్తే ఆ మొగ్గలు సరిగా ఎదగవనీ ఒకాబే, గ్రాహం అనే పరిశోధకులు 2004లో చూపించారు.