జిరాఫీ బీపీ 200 పైన: అయినా కళ్లు తిరగవెందుకు?

ఈమధ్య కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం చూసొచ్చిన ఒక పాఠకురాలు నాకు రాసిన ఉత్తరంలో సింహాల ఊసే లేదు. ఆవిడ అడిగిందంతా జిరాఫీ గురించే. తలెక్ నది ఒడ్డున ఒక జిరాఫీ ముందుకాళ్లు రెండూ బార్లా చాపి, మెడ వంచి నీళ్లు తాగి, ఉన్నట్టుండి తల పైకెత్తేసిందట. "నేను వంగి ఒక బిందె ఎత్తి లేస్తేనే కళ్లు బైర్లు కమ్ముతాయి. అది నేల మీదున్న తలని ఒక్క ఊపులో అంత ఎత్తుకి లేపింది. స్పృహ తప్పి పడిపోదేం?" అన్నది ప్రశ్న.

నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది. అందుకే వీసా, ఎల్లో ఫీవర్ టీకా, విల్డబీస్ట్ మందలు ఏ నెలలో నది దాటతాయి వంటివన్నీ ఇక్కడ వదిలేస్తున్నాను. టూరు వాళ్లు అవి బాగానే చెబుతారు. వాళ్లు చెప్పనిదల్లా జిరాఫీని చూడమని. సఫారీలో అందరి నోటా వినిపించే 'బిగ్ ఫైవ్' జాబితాలో సింహం, చిరుత, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం మాత్రమే ఉంటాయి. కాలినడకన వేటాడటానికి ఏవి కష్టం, ఏవి ప్రమాదకరం అని ఒకప్పటి వేటగాళ్లు వేసుకున్న లెక్క అది. ఇవాళ కెమెరాతో వెళ్లేవాళ్లు దాన్ని పట్టుకుని వేలాడటం నాకు బాధగా ఉంటుంది. రోడ్డు పక్కనే తుమ్మచెట్టు మేస్తున్న జిరాఫీ దగ్గర బండి అర నిమిషం కూడా ఆగదు.

ముందు బీపీ అంటే ఏమిటో చూద్దాం. మన బడుల్లో "120/80 ఉండాలి" అని చెప్పి ఊరుకుంటారు. 120 దేనికి కొలత? పాదరసం ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తుకి లేస్తుందన్నదానికి. పాదరసం బదులు రక్తాన్నే గొట్టంలోకి ఎక్కనిస్తే ఆ 120 అన్నది మీటరున్నర ఎత్తవుతుంది. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతగురువు సరిగ్గా ఈ పనే చేశాడు. గుర్రం ధమనికి పొడవాటి గాజుగొట్టం తగిలిస్తే రక్తం 8 అడుగులకు పైగా లేచింది. ఆ ఫలితాలు 1733లో అచ్చయ్యాయి. రక్తపోటు అంటే ఒక ఎత్తు అని పిల్లలకు ఈ ఒక్క ప్రయోగంతో చెబితే జన్మలో మరిచిపోరు. బీపీ చూసేటప్పుడు చేతిని గుండె మట్టానికి పెట్టమని నర్సు ఎందుకంటుందో కూడా అర్థమవుతుంది.

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒక్కటే: రక్తం మీటరు ఎత్తు ఎక్కితే సుమారు 78 మిల్లీమీటర్ల పోటు ఖర్చవుతుంది.

ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు. కింద మోటారు, మేడ మీద ట్యాంకు. ఒక అంతస్తు పెంచితే మోటారు హార్స్‌పవర్ పెంచాలి. మనిషి గుండె నుంచి మెదడుకి జానెడు పైచిలుకు ఎత్తు, అంటే మనది ఒక అంతస్తు ఇల్లు. ఎదిగిన జిరాఫీలో ఆ ఎత్తు మీటరున్నర నుంచి 2 మీటర్లు. మీటరున్నర అనుకున్నా దారిలోనే 117 పోతుంది. పైన మెదడుకి 80, 90 అందాలంటే గుండె దగ్గర సగటున 200 పైనే ఉండాలి. కొలిచి చూస్తే ఉన్నది అంతే. పొడుగు మెడవాటిలో ఇంకా ఎక్కువ. మనిషిలో ఈ సగటు (120కీ 80కీ నడుమ ఉండేది) 90, 100 మధ్య ఉంటుంది.

అయితే మోటారు పెద్దదా? గుండె చాలా పెద్దదని గైడ్లు గొప్పగా చెబుతారు, నిజమే. కానీ జంతువు బరువే టను దాటగలదు కాబట్టి, నిష్పత్తిలో చూస్తే మిగతా క్షీరదాల గుండె ఎంతో ఇదీ అంతే. అసలు తేడా గోడలో ఉంది. గుండె గోడ మీద పడే ఒత్తిడి, లోపలి పోటుని గది వ్యాసార్ధంతో గుణించి, గోడ మందానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. దీన్ని లాప్లాస్ సూత్రం అంటారు. పోటు రెట్టింపైనప్పుడు గోడ కండరం మీద భారం పెరగకూడదంటే గది చిన్నదవ్వాలి, గోడ మందమవ్వాలి. జిరాఫీ ఎడమ జఠరికలో, అంటే ఒళ్లంతటికీ రక్తం తోసే గుండె గదిలో, రెండూ జరిగాయి. గోడ కొన్నిట్లో 8 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మెడ పెరిగేకొద్దీ ఈ గోడా మందమవుతూ వస్తుంది. రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపే కుడి జఠరిక గోడ మాత్రం పలుచన. ఈ ఏర్పాటుకి ఖరీదూ ఉంది: గది చిన్నది కాబట్టి ఒక్కో కొట్టుకి బయటికొచ్చే రక్తం తక్కువ.

ఇక్కడ ఒక పాత వాదం చెప్పాలి. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపులో నీరు తన బరువుతో పైకెక్కే నీటిని లాగుతుంది కదా, సైఫన్ లాగా? అలాగే మెడ సిరల్లో దిగే రక్తం ధమనిలో ఎక్కే రక్తాన్ని లాగేస్తే గుండెకి శ్రమే ఉండదు కదా అని కొందరన్నారు. వినడానికి బాగుంది. అయితే సైఫన్ పనిచేయాలంటే పైపు గట్టిగా ఉండాలి. మెడ సిర గోడ మెత్తన. లోపల పోటు తగ్గితే అది నొక్కుకుపోతుంది, లాగలేదు. గుండె కష్టపడి పోటు పెంచుతోందన్న వాస్తవమే ఈ వాదానికి జవాబు.

ఇదే లెక్కని పక్క దేశం టాంజానియాలో తవ్వితీసిన జిరాఫటైటన్ అనే డైనోసార్‌కి వేసి చూడండి. దాని అస్థిపంజరం ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో 13 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. తల గుండెకి 8 మీటర్ల పైన ఉంటే పోటు 700 ఉండాలి! అది తలని ఎప్పుడూ అంత ఎత్తున పెట్టుకుని తిరిగిందా అన్నదాని మీద ఇప్పటికీ తగువు నడుస్తోంది.

ఇక కింది అంతస్తు సంగతి. మేడ మీదికి సరిపోయేంత మోటారు పెడితే కింది కుళాయి వాషర్లు నిలవవు. జిరాఫీ గిట్టల దగ్గర ధమనుల్లో పోటు, గుండె దగ్గరి 200కి కాళ్ల ఎత్తు కలిపితే, 350 దాటుతుంది. మనకైతే పాదాలు వాచిపోయి పుళ్లు పడతాయి. జిరాఫీ కాళ్లు చూడండి, సన్నగా, గీసిన గీతల్లా ఉంటాయి. చర్మం, దాని కింది పొర కండరాలని బిగించి పట్టుకుంటాయి. సిరలు ఉబ్బి నీరు దిగేవాళ్లకి డాక్టర్లు వేయించే బిగుతు మేజోళ్లు చేసే పని ఇదే. పైగా మోకాలి కిందే ధమని హఠాత్తుగా సన్నబడుతుంది, అంటే కింది లైనుకి గేట్ వాల్వు ఉందన్నమాట.

ఇప్పుడు ఆవిడ ప్రశ్నకి వద్దాం. ట్యాంకుని మేడ మీంచి దించి మోటారు కంటే కింద పెట్టేస్తే ఏమవుతుంది? నీరంతా దూసుకొచ్చేస్తుంది. తల దించిన జిరాఫీ మెదడుకి అదే గతి పట్టాలి. మెదడు అడుగున ధమని సన్నటి పోగులుగా చీలి వలలా అల్లుకుని దెబ్బని కాస్తుందని పుస్తకాల్లో రాస్తారు. కానీ మెడ పొట్టిగా ఉండే మేకకీ గొర్రెకీ కూడా ఆ వల ఉంది. కాబట్టి దాన్నొక్కదాన్నే పొగడటం నాకు సమ్మతం కాదు. డెన్మార్క్ శాస్త్రవేత్తలు దక్షిణాఫ్రికాలో మత్తిచ్చిన జిరాఫీల తలని పైకీ కిందికీ కదిలించి కొలిచి, 2009లో ఫలితాలు ప్రకటించారు. తల దించగానే వెడల్పైన మెడ సిరల్లో లీటరు పైన రక్తం నిలిచిపోతోంది. గుండెకి తిరిగొచ్చేది తగ్గుతుంది, అది తోసేదీ తగ్గుతుంది. పోటు 190 ప్రాంతం నుంచి 130 ప్రాంతానికి పడిపోతుంది. తల ఎత్తగానే ఆ నిలవ రక్తమంతా ఒక్కసారి గుండెలోకి జారుతుంది. మోటారుకి కావలసిన నీరు సరిగ్గా కావలసిన క్షణంలో అందినట్టే. పోటు మళ్లీ పుంజుకుంటుంది, కళ్లు తిరగవు.

మారాలో ఈ దృశ్యం దొరికితే బండి ఇంజను ఆపించండి. నీళ్లు తాగుతున్న జిరాఫీ సింహానికి సులువుగా చిక్కుతుంది కాబట్టి తాగినంతసేపూ మాటిమాటికీ తల ఎత్తుతుంది. ప్రతిసారీ లోపల ఈ తతంగమంతా నడుస్తుంది. ఆకుల్లోంచే చాలా నీరు అందుతుంది గనక రోజూ రేవుకి రాదు, ఓపిక పట్టాలి. దారిలో జిరాఫీ తోకవెంట్రుకల కడియం అదృష్టమని అమ్మజూపితే మాత్రం కొనకండి. మన దగ్గర ఏనుగు వెంట్రుక ఉంగరం, పులిగోరు లాకెట్టు ఎంత నిజమో అదీ అంతే నిజం. మారాలో కనిపించే మసాయి జిరాఫీ అంతరించే ముప్పున్న జంతువు.

ఇంకొకటి మిగిలింది. బీపీ ఎక్కువైతే మనకి కిడ్నీలు దెబ్బతింటాయి, గుండె గోడ బిరుసెక్కుతుంది. జిరాఫీకి కిడ్నీల లోపల రక్తనాళాల చుట్టూ ఉన్న కణజాలంలోనే ఎదురు ఒత్తిడి ఎక్కువ. గుండె సంగతికి 2021లో ఒక ఆధారం దొరికింది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్‌ఎల్1 అనే జన్యువు జిరాఫీలో చాలా మారింది. ఆ జన్యువుకి జిరాఫీలో ఉన్న రూపాన్ని ఎలుకల్లో పెట్టి, బీపీ పెంచే యాంజియోటెన్సిన్ ఎక్కించారు. మామూలు ఎలుకల్లో బీపీ బాగా పెరిగింది, గుండె, కిడ్నీలు దెబ్బతిన్నాయి. మార్చిన ఎలుకలు చాలావరకు తట్టుకున్నాయి. వాటి ఎముకలు కూడా మరింత సాంద్రంగా పెరిగాయి. మెడ మాత్రం పొడవవలేదు.